ఐదున్నర శ్రుతి

పత్రికలవాళ్ళు ఎప్పుడొచ్చినా ఒకటే ప్రశ్న. "హైమావతిగారు మొత్తం ఎన్ని పాటలు రాశారండీ?" నాలుగు వందల పన్నెండు అని చెబుతాను. రాసుకుంటారు, టీ తాగుతారు, పోతారు. ఆవిడ ఎన్ని గొంతులు విన్నదో మాత్రం ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. ఒళ్ళు మండి చివరికి నేనే రాయడానికి కూర్చున్నాను.

నా పేరు కర్రి నర్సయ్య. విశాఖపట్నం పెదవాల్తేరులో ‘సముద్రిక’ అనే రికార్డింగ్ స్టూడియో ఉంది. అందులో ముప్ఫై ఏడేళ్ళుగా సౌండ్ ఇంజనీర్ని. ఆ స్టూడియో హైమావతిది. పాట రాసేది ఆవిడే, బాణీ కట్టేది ఆవిడే, పాడే మనిషిని వెతికి తెచ్చేది ఆవిడే, రికార్డు చేయించి జనంలోకి వదిలేది ఆవిడే. కేసెట్ల రోజుల్లో ఆముదాలవలస నుంచి ఒక హార్మోనియం పెట్టెతో దిగింది. అప్పట్లో కేసెట్ల దుకాణాలవాళ్ళు "అమ్మా, మాట్లాడ్డానికి మీ ఆయన్ని పంపండి" అనేవారు. "మా ఆయనకి పప్పుచారు తప్ప ఏటీ తెలీదు. ఆయన్ని పంపితే మీకు అన్నమే దొరుకుతాది, పాట దొరకదు" అని కుర్చీ లాక్కుని కూర్చునేది. పాపం ఆ మంచి మనిషి చివరిదాకా అన్నం వండి పెట్టి, మాకు నాలుగు మెతుకులు తినిపించే పోయాడు.

ఆవిడ పని పద్ధతి వేరు. కొత్తగా వచ్చినవాళ్ళని మూడు రోజులు పాడనిచ్చేది కాదు. మాట్లాడించేది, అన్నం తినమనేది, వీధిలో కూరలవాణ్ణి పిలవమనేది. తను ఓ మూల కళ్ళు మూసుకుని వింటూ ఉండేది. మూడో రోజు సాయంత్రం హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి, "ఇదీ నీ శ్రుతి. ఇప్పుడు పాడు" అనేది. శ్రుతి అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, మనిషి గొంతు ఎంత ఎత్తులో హాయిగా నిలబడుతుందో ఆ ఎత్తు. పెదజాలరిపేటలో చేపలమ్మే పోలమ్మ గొంతు విని వాద్యగాళ్ళు నవ్వారు. మూడు రోజుల తర్వాత అదే పోలమ్మ పాడితే ఒక్కడు నవ్వితే ఒట్టు. ఆ ఏడు ఊళ్ళో ప్రతి ఆటోలోనూ పోలమ్మే.

"చెడ్డ గొంతంటూ ఉండదురా నర్సయ్యా. దానికి సరైన ఇల్లు దొరక్కపోడమే" అనేది హైమక్క.

ఇక సొంత పాట సంగతా? బీచ్ రోడ్డు మీద నడుస్తూ ఉండేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. కాగితం, కలం ఏమీ ఉండవు. "చెవిలో రేడియో పెట్టినట్టు వచ్చేస్తాదిరా, తబలాతో సహా. నేను చేసేదేటి, విని చెప్పడమే" అనేది. అలా విని చెప్పినవే ఆ నాలుగు వందల పన్నెండూ.

అలాంటి మనిషికి అరవై రెండో ఏట విషజ్వరం వచ్చి, పది రోజుల్లో రెండు చెవులూ పోయాయి.

జనం అయ్యో అన్నారు. ఆవిడ అనలేదు. ఎదుటివాళ్ళ మాటల్ని అక్షరాలుగా చూపించే కళ్ళద్దాలు అప్పటికే వచ్చేశాయి. అవి తగిలించుకుని మళ్ళీ బీచ్ రోడ్డెక్కింది. లోపలి రేడియో మాత్రం మోగుతూనే ఉంది మరి! చెవుడు వచ్చాక కట్టిన పాటలు పదకొండు, అందులో మూడు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతున్నాయి. కాని కొత్త గొంతుల్ని తేవడం మానేసింది. పాడేవాళ్ళని నేను ఎంచేవాణ్ణి, ఆవిడ మీటరు మీద సూది ఊగడం చూస్తూ కూర్చునేది. "ఈ సూది ఎత్తు చెప్తాది గానీ మనిషిని చెప్తాదేటిరా?" అని ఒకరోజు అద్దాలు తీసి బల్లమీద పడేసింది. 

ఇప్పుడు రంజని గురించి చెప్పాలి. చెప్పాలంటే నాకు సిగ్గు, అయినా చెప్పాలి.

రంజని హైమక్క ఒక్కగానొక్క కూతురు. ముప్ఫై ఒక్కేళ్ళు. పోర్టు కంట్రోల్ రూములో కూర్చుని వచ్చే ఓడలతో, పోయే ఓడలతో రేడియోలో మాట్లాడే ఉద్యోగం. గంభీరమైన గొంతు. తుపాను రోజున ఆ గొంతు వింటే చాలు, భయం పోతుందని కెప్టెన్లు చెప్పుకుంటారట.

రంజనికి పదహారో ఏట పాడాలని పుట్టింది. తల్లి సరే అంది. రికార్డింగ్ గది అద్దం అవతల పిల్లని మైకు ముందు నిలబెట్టింది. ఊరందరికీ మూడు రోజులు కూర్చున్న మనిషి సొంత కూతురికి మూడు నిమిషాలు కూర్చోలేదు. "నా కూతురు కదా, నా శ్రుతే" అంటూ నేరుగా ఐదున్నర మెట్టు మీద వేలు పెట్టింది. ఐదున్నర ఆవిడ శ్రుతి. పిల్ల ఆ ఎత్తుకి ఎక్కలేక నాలుగో వరుసలో గొంతు పగిలింది. ఐదుగురు వాద్యగాళ్ళ ఎదుట హైమక్క, "ఇది పాటకొచ్చే గొంతు కాదమ్మా. చదువుకో" అనేసింది.

ఎత్తు ఎక్కువైందని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. ఆవిడ స్టూడియోలో ఆవిడ వినికిడికి ఎదురు చెప్పే మొనగాడు ఎవడున్నాడు? ఆ పాపంలో సగం నాది.

రంజని ఆ రోజు నుంచీ పాట మానేసింది. మళ్ళీ తల్లికి చెవులు పోయాకే మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నాలు స్టూడియోకి సెలవు. "మావయ్యా, ఒక్కసారి మైకు పెట్టు" అని వచ్చేది. ఆనాడు పగిలిన ఆ పాటే పాడేది, నేను రికార్డు చేసి దాచేవాణ్ణి. అదే ఐదున్నరలో!

"కిందికి దింపుకోవే తల్లీ, ఎందుకా అవస్థ?" అన్నాను.

"అమ్మ పెట్టింది కదా మావయ్యా. ఇందులోనే రావాలి" అంది.

రెండేళ్ళు ప్రతి ఆదివారం అదే పాట, అదే ఎత్తు. పైన గొంతు నలిగిపోయేది. కింద అప్పుడప్పుడూ ఏదో ఒకటి మెరిసేది, అది విని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

ఒక ఆదివారం హైమక్క అద్దాలు మర్చిపోయానని వెనక్కి వచ్చింది. లోపల కూతురు కళ్ళు మూసుకుని పాడుతోంది, ఇవతల నేను ముక్కు చీదుకుంటున్నాను. హైమక్క కదలకుండా నిలబడిపోయింది. కాసేపటికి స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. అద్దాలు పెట్టుకుని, "ఎలగ పాడతందిరా?" అంది.

"బాగా పాడుతోందక్కా."

"బాగా అంటే? పైన నిలబడతందా? కింద బరువుందా? ఊపిరి ఎక్కడ తీస్తంది? చెప్పవేటిరా!"

ఏం చెప్పను? మాటల్లో చెబితే అది అక్షరాలై ఆవిడ కళ్ళ ముందు పడుతుంది. గొంతు పడదు. రంజని కళ్ళు తెరిచి తల్లిని చూసి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమే హైమక్క నన్ను వెంటబెట్టుకుని డాక్టర్ ఫర్హానా దగ్గరికి బయల్దేరింది. చెవిటివాళ్ళకి వినికిడి తెప్పించే కొత్త పరికరం మీద కొండమీద ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది ఫర్హానా. నలభై ఏళ్ళ మనిషి, హైమక్క పాటలు పాడుకుంటూ పెరిగిందట. గదిలోకి రాగానే కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

"నీ దణ్ణాలు తరవాత. నాకు వినిపిస్తావా లేదా?" అంది హైమక్క.

చెవి నుంచి మెదడుకి పోయే నరమే చచ్చిపోయింది కాబట్టి మామూలు యంత్రాలు పనిచెయ్యవని ఫర్హానా చెప్పింది. శబ్దాన్ని నేరుగా మెదడు మీదే రాయాలి. వేలిగోరంత పలచటి రేకు ఒకటి చూపించింది. వినికిడి తెలిసే చోట దాన్ని పరుస్తారు. చెవి వెనక బొట్టుబిళ్ళంత బిళ్ళ, దానికి చిన్న మీట. మొదటి ఇరవై ఒక్క రోజులూ పరీక్ష. ఆ తర్వాత ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకోవాలి. తీసేస్తే రెండోసారి పెట్టడం కుదరదు.

"పదకొండు మందికి పెట్టామమ్మా. అందరికీ వినపడింది. ఒక్కటే తేడా. ఇదివరకు బుర్రలో ఏవో పాటలు తిరుగుతుండేవి, ఇప్పుడు తిరగడం లేదన్నారు. ఎవరూ దాన్ని బాధగా చెప్పలేదు."

"తిరిగేవి వేరు, పుట్టేవి వేరు" అని కొట్టిపారేసింది హైమక్క. జీవితంలో ఆవిడ తొందరపడింది రెండుసార్లే. ఇది రెండోది.

ఆపరేషనైన వారానికి మీట నొక్కారు. హైమక్క తల పైకెత్తి, "ఆ ఫేను బేరింగు పోయింది, ఎవరూ చూసుకోరేటి?" అంది. ఫర్హానా నవ్వుతూ ఏడ్చేసింది. నేను "అక్కా" అన్నాను. నా వైపు తిరిగి, "నీ గొంతు ముసలిదైపోనాదిరా" అంది. ముప్ఫై ఏడేళ్ళలో నన్ను అంత ప్రేమగా తిట్టిన రోజు లేదు.

మూడో రోజు పొద్దున్న బీచ్ రోడ్డు మీద నడుస్తున్నాం. ఆపరేషన్‌కి ముందే ఒక పల్లవి వచ్చి ఉంది, చరణం కోసం వచ్చాం. కెరటాలు వింటోంది, బఠాణీలవాడి కేక వింటోంది, చిన్నపిల్లలా మొహం వెలిగిపోతోంది. అర్ధగంటైంది. చరణం రాలేదు. పల్లవి అందుకోబోయింది, అదీ లేదు. మీట ఆపేసింది. రెండు నిమిషాలకి పెదాలు కదిలాయి, పల్లవి వచ్చేసింది, వెనకే చరణం మొదటి వరుస కూడా. మీట వేసింది. పోయింది. ఆపింది. వచ్చింది. వేసింది. పోయింది. గట్టు మీద కూలబడిపోయింది.

సాయంత్రం వెళ్ళి జరిగింది చెబితే ఫర్హానా తల పట్టుకుంది. "ఇప్పుడు అర్థమవుతోందమ్మా. మెదడులో బయటి శబ్దం తెలిసే గదీ, మీకు బాణీ పుట్టే గదీ ఒకటే. ఒకరుంటే ఇంకొకరు బయటికి పోతున్నారు. ఇరవై ఒక్క రోజులు దాటితే బయటి శబ్దం అక్కడే స్థిరపడుతుంది. ఇక మీట ఆపినా పాట తిరిగి రాదు. నన్ను క్షమించండి, వెంటనే తీసేద్దాం."

"నేనడిగినప్పుడు తీద్దువు గాని" అంది హైమక్క.

మర్నాడు స్టూడియోలో నా ఎదురుగా కూర్చుని, "తియ్యరా. దాని పాట నీ దగ్గరున్నాదని నాకు తెల్దా?" అంది. వినిపించాను. కదలకుండా మొత్తం వింది. పాట అయ్యాక లేచి వెళ్ళి హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కింది. ఐదున్నర.

"ఇది నా శ్రుతి కదరా."

"అవునక్కా. దింపుకోమన్నాను. అమ్మ పెట్టిందని దింపలేదు."

"పోలమ్మకి మూడు రోజులు కూకున్నాను. కడుపున పుట్టినదానికి మూడు నిమిషాలు కూకోలేదు" అని, హార్మోనియం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. అంతవరకూ ఆవిడ ఏడవడం నేను చూడలేదు, భర్త పోయిన రోజున కూడా.

డ్యూటీ నుంచి ఇంటికి వచ్చిన రంజనికి సంగతంతా చెప్పాం. ముందు నా మీద విరుచుకుపడింది. "ఎవర్నడిగి వినిపించావు మావయ్యా?" తర్వాత తల్లి వైపు తిరిగింది. "ఇప్పుడు నా గొంతు కోసం నీ పాటలు పోగొట్టుకుంటావా? నాకొద్దమ్మా. నా ఉద్యోగం నాకుంది, సుఖంగా ఉన్నాను."

"సుఖంగా ఉన్నదానివి ఆదివారం ఆదివారం ఆ అద్దం వెనక ఏటి చేస్తన్నావే?"

రంజని తల దించుకుంది.

"తప్పు నాది. నీ గొంతుది కాదు" అంది హైమక్క. "నీ ఇల్లెక్కడుందో వెతకాలి. దానికి నాకు చెవులు కావాలి. నెలలు పట్టొచ్చు."

"నువ్వు వింటున్నావంటే నా గొంతు పూడుకుపోతుందమ్మా. నేను పాడలేను. పాడతానని మాట కూడా ఇవ్వలేను. ఇక దేనికోసం ఉంచుకుంటావు? తీయించేసుకో" అని రంజని గదిలోకి పోయి తలుపేసుకుంది.

నేనూ అదే అన్నాను, దాచుకోవడం దేనికి? ‘అక్కా, పాడతానని ఒప్పుకోని గొంతు కోసం నాలుగు వందల పాటలు పుట్టిన చోటుని పూడ్చేసుకుంటావా?’ అని దెబ్బలాడాను. ఆవిడ అవుననలేదు, కాదననూ లేదు. పదిహేను రోజులు రోజూ పొద్దున్న మీట ఆపుకుని నడిచేది, సాయంత్రం మీట వేసుకుని ఇంట్లో కూర్చునేది. రంజని మాత్రం తల్లి ఉన్న గదిలో పెదవి విప్పడమే తగ్గించేసింది.

ఇరవయ్యో రోజున హైమక్క నన్ను పొద్దున్నే పిలిచింది. మీట ఆపి ఉంది. "రికార్డరు పట్టుకురా. ఇవాళ లోపలున్నవన్నీ తోడేద్దాం" అంది. రుషికొండ దాకా నడిచాం. ఆగడం, పాడటం, మళ్ళీ నడవడం. చివరికి ఇసకలో కూర్చుని పాడింది. పొద్దుపోయే లోపల ఏడు బాణీలు. ఏడో దాని తర్వాత కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. "ఇంకా వస్తున్నాయిరా" అంది. "వస్తూనే ఉంటాయి. చాలు, పద."

మర్నాడు ఫర్హానా గదిలో రంజని కూడా ఉంది. తీసేస్తారనుకునే వచ్చింది.

"ఉంచెయ్యి డాక్టరమ్మా" అంది హైమక్క.

"అమ్మా!" అని కేకేసింది రంజని. "నీకేమైనా పిచ్చా? నేను పాడనని చెప్పానా లేదా?"

"చెప్పినావు. పాడక్కర్లేదు, మాటాడు చాలు, వింటాను." కూతురి చెయ్యి పట్టుకుంది. "నా పాట ఎలగుంటాదో నాకు తెలుసే. ఇన్నేళ్ళు విన్నాను. నీది ఎలగుంటాదో తెలీకుండా పోతే, నేను జన్మంతా చేసిన పనికి అర్థమేటి?"

రంజని తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఫర్హానా కిటికీ వైపు తిరిగింది. నా సంగతి చెప్పక్కర్లేదు కదా!

ఆ తర్వాత హైమక్క తన పనిలో దిగింది. ఇంట్లో ఓ మూల కళ్ళు మూసుకుని కూర్చోవడమే. రంజని ఫోన్లో మాట్లాడితే వింటుంది, పాలవాడితో గొడవపడితే వింటుంది, ఆవలిస్తే వింటుంది. పాడమని ఒక్కసారి కూడా అనలేదు. ఊరందరికీ మూడు రోజులు. కూతురికి రెండు నెలల పంతొమ్మిది రోజులు. నేను లెక్క పెట్టాను.

ఆ పొద్దున్న రంజని ఆరిన బట్టలు మడతపెడుతూ, తనకే తెలియకుండా, గొంతులో ఏదో కూనిరాగం తీసింది. హైమక్క తల తిప్పలేదు. మెల్లిగా హార్మోనియం దగ్గరికి జరిగి ఒక మెట్టు నొక్కి పట్టుకుంది. మూడు. ఆనాడు తను పెట్టిన ఐదున్నరకి ఎంతో కింద. రంజని చేతిలో బట్ట అలాగే ఆగిపోయింది. ఆ శ్రుతి కాసేపు విన్నది. తర్వాత పాడింది.

ఎలా పాడిందంటారా? నన్ను మళ్ళీ అడక్కండి, నాకు చెప్పడం రాదు. ఓడల కెప్టెన్లు చెప్పింది నిజమని మాత్రం చెప్పగలను. హైమక్క మొహం చూసి ఉంటే మీకే తెలిసేది.

పదిహేను రోజుల తర్వాత స్టూడియోలో రికార్డింగు. రుషికొండ దగ్గర తోడిన ఏడింటిలో మొదటిది. రంజని మైకు దగ్గర, హైమక్క నా పక్కన. అంతా చక్కగా నడుస్తోంది. చివరి వరుస దగ్గర చిక్కొచ్చింది. హైమక్క బాణీలన్నీ చివర పైకెక్కుతాయి, అది ఆవిడ ముద్ర. ఈ గొంతుకి అక్కడ బరువంతా తేలిపోతోంది. నాలుగుసార్లు పాడించింది. "బాణీ మార్చాలి" అంది.

అలవాటు కొద్దీ అందరం ఆవిడ వైపు చూశాం. ఆవిడా అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుంది. ఇదివరకైతే నిమిషం పట్టేది కాదు. వాద్యగాళ్ళు చేతులు ఆపుకుని కూర్చున్నారు. రెండు నిమిషాలైంది, మూడైంది. నేను అడ్డం పడి ఏదో ఒకటి అనబోయాను. ఆవిడే కళ్ళు తెరిచి, ఏ దాపరికం లేకుండా, "రావట్లేదమ్మా. ఇక రాదు" అంది.

అద్దం అవతల రంజని పెదవి కొరుక్కుంది. కాసేపటికి, "అమ్మా, నేనొకటి అననా?" అంది.

"అను."

పైకెక్కాల్సిన చోట ఎక్కలేదు. కిందికి దిగింది, ఇంకా కిందికి, మాట చెప్పినంత మామూలుగా పాడి అక్కడ ఆపేసింది. ఆపాక తల్లి ఏమంటుందోనని చేతులు రెండూ కట్టుకుని నిలబడింది, అచ్చం పదహారేళ్ళప్పుడు నిలబడినట్టే.

"మళ్ళీ అను" అంది హైమక్క.

మళ్ళీ పాడింది. హైమక్క కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. కళ్ళు తెరిచాక అద్దంలోంచి కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నాలుగొందల పాటలు కట్టినాను. ఈ వరుస నాకు నూరేళ్ళు కూకున్నా తట్టేది కాదే తల్లీ" అంది. ఆ మొహంలో అసూయ లేదు, బాధ లేదు, దొరికిందన్న సంతోషమే.

తర్వాత నా వైపు తిరిగి కసిరింది.

"ఏడుపు తరవాత ఏడుద్దువు గాని నర్సయ్యా. ముందు రికార్డు చెయ్యి."